నల్లబల్ల మీద తెల్లచుక్క

"చలికోటా, పెళ్ళికోటా?" మెడలో టేపు సర్దుకుంటూ అడిగాడు దర్జీ.

"వానకోటు" అన్నాడు తాళం.

కోడ్ కలిసింది. దర్జీ ట్రయల్ రూమ్ కర్టెన్ మూశాడు. మూడువైపులా అద్దాలున్న ఆ ఇరుకు గదిలో తాళాన్ని నిలబెట్టి భుజాల మీదుగా టేపు వేశాడు. చేతులు కొలతలు తీస్తున్నాయి, నోరు వేరే పనిలో ఉంది.

తాళం అసలు పేరు అది కాదు. సీక్రెట్ సర్వీసులో చేరిన కొత్తలో ఎవరో తగిలించారు. ఏ తాళమైనా తీస్తాడు కనక అని కొందరంటారు. నోటికి వేసుకు తిరుగుతాడు కనక అని ఇంకొందరు. రెండూ నిజమే.

దర్జీ మొన్నటిదాకా కార్ఖానా మనిషి. పరాయిదేశపు గూఢచారి ముఠాకి డిపార్ట్‌మెంటు పెట్టుకున్న పేరు కార్ఖానా. కోట్ల లైనింగులో కాగితాలు కుట్టి సరిహద్దు దాటించడం అతని ఉద్యోగం. ఏం తేడా వచ్చిందో, ప్రాణం కాపాడితే ఒక మాట చెప్తానని తనే ఫోన్ చేశాడు.

"రేపు మీ సైంటిస్టు కమిషన్ ముందుకొస్తాడు కదా" అన్నాడు అద్దంలోకి చూస్తూ. "ఏ గేటులోంచి వస్తాడో మావాళ్ళకి ముందే తెలిసిపోతుంది. చెప్పేది మీ మనిషే. ఆడమనిషి."

"ఎవరు?"

"మీ ఫొటోగ్రాఫర్ ఎప్పుడో పట్టుకున్నాడు. ఫొటో మీ దగ్గరే ఉంది, మీకే కనబడలేదు. మావాళ్ళు మందు కొట్టినప్పుడల్లా ఆ కథ చెప్పుకుని..."

కర్టెన్ అవతల ఎవరో తుమ్ము ఆపుకున్నట్టు చిన్న చప్పుడైంది. గుడ్డలో వేలు దూరేంత చిల్లు పడింది. దర్జీ మాట సగంలో వదిలేసి తాళం భుజం మీద తల వాల్చాడు. అతన్ని కింద పడుకోబెట్టి బయటికి దూకేసరికి షాపు తలుపు ఇంకా ఊగుతోంది. వీధిలో జనం ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. టేపు తాళం మెడకే వేలాడుతోంది.

* * *

పెద్దాయన అంటే డిపార్ట్‌మెంటు చీఫ్. ఆయన గదిలో కిటికీలుండవు, కుర్చీలు మాత్రం మెత్తగా ఉంటాయి. కూర్చున్నవాడికి తన మీద దయ చూపిస్తున్నారేమోనని భ్రమ కలగడానికి.

తాళం చెప్పిందంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. సైంటిస్టు సంగతి ఇద్దరికీ తెలిసిందే. కార్ఖానా వెనకున్న దేశంలో విషవాయువు తయారుచేసే ల్యాబులో పనిచేసి పారిపోయి వచ్చిన మనిషి. రేపు ఉదయం విచారణ కమిషన్ ముందు నోరు విప్పుతాడు. విప్పాక అతన్ని చంపి ఎవరికీ లాభం లేదు. విప్పకముందే చంపాలి. కమిషన్ భవనానికి నాలుగు గేట్లు. ఏ గేటన్నది రేపు పొద్దున పెద్దాయన తేలుస్తాడు, ఎస్కార్ట్ ఆఫీసర్ ఒక్కరికే చెప్తాడు. ఆ ఎస్కార్ట్ ఆఫీసర్ మేడమ్.

డిపార్ట్‌మెంటులో మేడమ్ అంటే ఒక్కరే. ఒకప్పుడు కార్ఖానాలో కూర్చుని కార్ఖానా గుట్టు మనకి అందించి, తర్వాత ఇక్కడికే వచ్చేసిన డబుల్ ఏజెంట్. పెద్దాయన సగం కెరీర్ ఆవిడ తెచ్చిన సమాచారం మీదే లేచింది.

ఎనిమిదేళ్ళ కిందట ఆవిడ మీద వేలెత్తి చూపిన మనిషి కూడా ఒక్కడే. సర్వైలెన్స్ ఫొటోగ్రాఫర్. కాఫీ హౌస్‌లో మేడమ్ ఒక తెల్లటి చిన్న వస్తువు బల్ల మీద వదిలింది, పక్కబల్ల మనిషి తీసుకున్నాడు, ఫిల్ము మీద ఉంది, చూసుకోండి అని రిపోర్టు రాశాడు. ల్యాబు వాళ్ళు ఆ ఫిల్మును స్కాన్ చేశారు. తెల్లదీ లేదు, నల్లదీ లేదు. ఫొటోగ్రాఫర్ అబద్ధాలకోరు, తోటి ఆఫీసర్ మీద కడుపుమంటతో కట్టుకథ అల్లాడు అని తేల్చి ఇంటికి పంపేశారు. ఆ తర్వాత అతను ఒక స్టూడియోలో స్కూలు పిల్లలకీ, పాస్‌పోర్టువాళ్ళకీ ఫొటోలు తీసి బతికాడు. ఒకరోజు "కొంచెం గడ్డం ఎత్తండి" అంటూ కెమెరా వెనకే కూలిపోయాడు.

ఆ ఫొటోగ్రాఫర్ తాళానికి బావ. సొంత అక్క మొగుడు.

"నీ బావ కోసం మాట్లాడుతున్నావా, సైంటిస్టు కోసమా?" అన్నాడు పెద్దాయన కళ్ళు తెరవకుండానే.

"చచ్చిపోయిన దర్జీ కోసం సర్. వాడికి అబద్ధం చెప్పే టైము లేదు."

పెద్దాయన కళ్ళు తెరిచాడు. ఫిల్మును మళ్ళీ చూడాలి. ల్యాబులో చూడ్డానికి లేదు. మేడమ్ ల్యాబులోకి తన వంటింట్లోకి వెళ్ళినట్టు వెళ్తుంది. బయట స్టూడియోకి ఇవ్వడానికీ లేదు.

"ఇంట్లో చెయ్యి" అన్నాడు చివరికి. "దర్జీ నోరు తెరవకముందే పోయాడని నేను సర్క్యులర్ పంపిస్తాను. పొద్దున్నకల్లా నాకు కంటితో చూసేది ఏదైనా చూపించు. లేకపోతే ఈ మాట మనం అనుకోలేదు."

కారిడార్‌లో మేడమ్ ఎదురైంది. నల్లకోటు, నల్ల గ్లవ్స్, చేతిలో నల్లకాఫీ. ఆవిడ వస్తుంటే గుమాస్తాలు కూడా జుట్టు సర్దుకుంటారు.

"పాపం, దర్జీ" అంది. "ఏమైనా చెప్పాడా?"

"ఛాతీ తగ్గింది, పొట్ట పెరిగింది అన్నాడు మేడమ్."

ఆవిడ నవ్వింది. చాలా అందమైన నవ్వు, అందులో అనుమానం లేదు. "మీ బావగారు కూడా మంచి జోకులు వేసేవారు" అని ముందుకు వెళ్ళిపోయింది.

* * *

"ఎవరూ?" తలుపు సందులోంచి అక్క గొంతు.

"నేనే అక్కా."

"నేనే అంటే? డిపార్ట్‌మెంటా, తమ్ముడా?"

"తమ్ముణ్ణే."

"అయితే బూట్లు విప్పి రా. డిపార్ట్‌మెంటువాళ్ళు ఆ రోజు బూట్లతోనే తిరిగారు ఇల్లంతా."

తాళం బూట్లు విప్పాడు. చంకలో పాత ఫిల్ము స్కానరు ఉంది. ఇంత పాతవస్తువు ఎవరు కొంటారని కెమెరాల షాపువాడు ఎదురు ప్రశ్న వేసి మరీ అమ్మాడు. దాని సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లతో మాట్లాడదట. కనక ఇంకో చంకలో అటకెక్కిన లాప్‌టాప్ కూడా ఉంది, ఛార్జరు లేకపోతే అరనిమిషం బతకనిది.

విషయం విన్నాక అక్క ఏడవలేదు, తిట్టలేదు. బీరువా తీసి కవరు తెచ్చి బల్ల మీద పడేసింది. డిపార్ట్‌మెంటు కవరే. మీద 'సాక్ష్యంగా పనికిరాదు' అని ముద్ర కొట్టి అప్పట్లో బావకే తిప్పి పంపేశారు.

"ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందా?" అంది. "ఆ రోజు మీ ఆఫీసులో అందరూ మీ బావని వేలెత్తి చూపుతుంటే నువ్వెక్కడున్నావురా? పక్కనే నిలబడ్డావుట. తాళం అని పేరు పెట్టారు సరిపోయింది. వేసుకున్నావు, నోటికే."

తాళం తల వంచుకుని కవరు విప్పాడు.

కవర్లో ఫిల్ము ముక్క ఉంది. ఆరు ఫ్రేములు. బ్లాక్ అండ్ వైట్. ఏళ్ళ తరబడి చుట్టుకుపోయి అరటాకు ఎండినట్టు వంకర తిరిగింది. అక్క దాన్ని పలచని కాగితాల మధ్య పెట్టి పైన నిఘంటువు బరువెట్టింది. అది సాపయ్యేలోగా తాళం భోజనాల బల్ల తుడిచి, ఫ్యాను ఆపి, కిటికీ తెర దించి స్కానరు తగిలించాడు. ఫ్యాను తిరిగితే దుమ్ము లేస్తుందని అక్కే చెప్పింది. ఈ పనులన్నీ ఆవిడకి కొత్త కాదు. ఆఫీసు ల్యాబుకి చెవులెక్కువని బావ రహస్యమైన ఫిల్ము ఏదైనా ఇంట్లోనే కడిగేవాడు. స్నానాల గదిలో చిమ్మచీకటి, తలుపు బయట అక్క కాపలా. కలర్ ఫిల్ము ఇంట్లో కడగడం కష్టం, బ్లాక్ అండ్ వైట్ అయితే ఒక మగ్గూ, రెండు సీసాలూ చాలు. అందుకే గుట్టయిన పనికి ఎప్పుడూ బ్లాక్ అండ్ వైటే వాడేవాడు. ఆయన జాగ్రత్తంతా అదే.

అక్క నూలు గ్లవ్స్ తొడుక్కుని ఫిల్మును బల్బు వెలుతురుకి పట్టుకుంది. రబ్బరు బుడ్డితో గాలి ఊదింది. మెత్తని బ్రష్ ఆడించింది.

"ఈ మూడోదాంట్లో ఒక నలుసు పోవట్లేదురా. ఊదాను, తుడిచాను, ఊహూఁ."

"వదిలెయ్ అక్కా. అది మెషీన్ చూసుకుంటుంది. దుమ్ము చెరిపే డస్ట్ రిమూవల్ ఉంది."

స్కానరు ముసలివాడు మెట్లెక్కినట్టు మూలుగుతూ ఒక్కో ఫ్రేమూ లాక్కుంది. స్క్రీన్ మీద నెగటివు పాజిటివైంది. మొదటి ఫ్రేములో కాఫీ హౌస్ అద్దం అవతల నల్లబల్ల దగ్గర నల్లకోటులో మేడమ్. రెండోదాంట్లో ఆవిడ పక్కకి చూస్తోంది. మూడోదాంట్లో లేచి నిలబడింది. నాలుగోదాంట్లో పక్కబల్ల మనిషి ఆవిడ కూర్చున్న బల్ల మీదకి చెయ్యి చాపాడు. బల్ల ఖాళీ. అయిదూ ఆరూ వీధిలో నడిచిపోయే జనం.

తాళం మూడోది పెద్దది చేసి అంగుళం అంగుళం వెతికాడు. వెలుతురు పెంచాడు, నీడలు పలచబరిచాడు. బల్ల నున్నగా, అద్దంలా ఉంది. కప్పు అంచులు మైనం కరిగినట్టు కొంచెం జావగా ఉన్నాయి. అంతే. డిపార్ట్‌మెంటు ఫైల్లో ఉన్న బొమ్మ ఇదే.

అక్క వెనకనుంచి చూసింది. "ఇంతేనా?"

"ఇంతే."

"అయితే మీ బావ అబద్ధమే చెప్పాడంటావు."

తాళం లాప్‌టాప్ మూయబోయాడు. ఆవిడ నిదానంగా ఫిల్ము తీసి కవర్లో పెట్టబోతూ, చేతికి అలవాటైన పని కనక మళ్ళీ ఒకసారి వెలుతురుకి పట్టుకుంది.

"మెషీన్ చూసుకుంటుందన్నావు. నలుసు ఇక్కడే ఉందిగా."

"ఫిల్ము మీద ఉంటుంది. మెషీన్ బొమ్మలోంచి తీసేసింది..." అంటూ అక్కడే ఆగిపోయాడు తాళం.

ఊదితే పోలేదు. తుడిస్తే పోలేదు. మెషీన్ మాత్రం తీసేసింది. దుమ్మయితే ఈపాటికి పోయి ఉండాలి. పోలేదంటే అది ఫిల్ము పైన లేదు. ఫిల్ములో ఉంది.

సాఫ్ట్‌వేర్లో హెల్ప్ అనే పేజీ ఒకటుంటుంది. ఎవరూ చదవరు. తాళం చదివాడు. మెషీన్ ఫిల్మును రెండు రకాల వెలుతురుతో చూస్తుంది. ఒకటి మామూలుది, రెండోది కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్. కలర్ ఫిల్ములో రంగులు ఇన్‌ఫ్రారెడ్‌కి అడ్డురావు, దుమ్ము అడ్డొస్తుంది. కాబట్టి అడ్డొచ్చిందల్లా దుమ్మే అని మెషీన్ దాన్ని చెరిపి చుట్టుపక్కల ఉన్నదాన్ని పూసేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మ గీసేది రంగు కాదు, వెండి. వెండి కూడా అడ్డొస్తుంది. కింద ఒక వాక్యం: 'బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి ఈ సదుపాయం వాడరాదు.'

నెగటివులో అంతా తారుమారు. నల్లబల్ల తేటగా ఉంటుంది, దాని మీద తెల్లటి చిన్న వస్తువేదైనా నల్లటి నలుసులా ఉంటుంది. మెషీన్ కళ్ళకి అచ్చంగా దుమ్ము.

ల్యాబువాళ్ళు రోజూ కలర్ ఫిల్ములు స్కాన్ చేసే అలవాటున ఆ సదుపాయం పక్కనున్న టిక్కు తియ్యకుండా వదిలేశారు. ఇందాక తాళమూ వదిలేశాడు.

టిక్కు తీశాడు. ఫిల్ము మళ్ళీ లోపల పెట్టాడు. స్కానరు మళ్ళీ మూలిగింది. ఈసారి బొమ్మ నిండా ఇసుకలా గ్రెయిన్, వెంట్రుకంత గీతలు, అసలైన దుమ్ము. కప్పు అంచు కత్తిలా తేరింది. మేడమ్ గ్లవ్ పక్కన, నల్లబల్ల మీద, తెల్లగా చతురస్రంగా ఒకటి. పెద్దది చేస్తే రెండు కొసలూ మెలితిప్పిన కాగితం పొట్లం. కాఫీ హౌస్‌లో ఇచ్చే పంచదార బిళ్ళ.

నాలుగో ఫ్రేములో పక్కబల్ల మనిషి అరచెయ్యి కప్పేసింది దాన్నే. అతని బల్ల మీద గిన్నెడు పంచదార బిళ్ళలు ఉన్నాయి. మేడమ్ కాఫీలో పంచదార వేసుకోదన్న సంగతి డిపార్ట్‌మెంటులో స్వీపరుకి కూడా తెలుసు.

అక్క వేలితో స్క్రీన్ తాకింది. "ఇదా?"

"ఇదే."

"ఇంత చిన్నదా" అంది. గ్లవ్స్ విప్పి బల్ల మీద పెట్టింది. ఒక్కటే అడిగింది. "నాకు ఇంకేమీ వద్దురా. ఆయన అబద్ధం చెప్పలేదని మీవాళ్ళ చేత నలుగురిలో ఒక్కమాట అనిపించు. ఈ వీధిలో తలెత్తి నడవాలని ఉంది."

"అనిపిస్తాను అక్కా" అన్నాడు తాళం. నోటికి వేసుకున్న తాళం తీసి అతను ఇచ్చిన మొదటి మాట అది.

* * *

పొద్దున్నే పెద్దాయన ప్రింటు చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. భూతద్దం తీసేసి చూశాడు. ముఖంలో రంగు మారింది కానీ గొంతు మారలేదు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు. "ఆయనకి స్కానరు లేదు గనక."

ఆవిణ్ణి ఇప్పుడే అరెస్టు చేద్దామన్నాడు తాళం. పెద్దాయన ఒప్పుకోలేదు. అరెస్టు చేస్తే చంపేవాడు ఎవడో తెలియదు, ఎక్కణ్ణుంచి కొడతాడో తెలియదు. ఆవిడకి తప్పుడు గేటు చెప్పడానికీ లేదు, సైంటిస్టు కార్లో పక్కన కూర్చునేది ఆవిడే, దారి మారగానే పసిగడుతుంది. ఆవిడకి నిజమైన గేటే చెప్పాలి. వాళ్ళకి చేరేది మాత్రం అబద్ధం కావాలి.

"ఈవాళ కూడా ఆ కాఫీ హౌస్‌కే వెళ్తుందా సర్?"

"రోజూ వెళ్తుంది. ఆ చోటు శుభ్రమైనదని సర్టిఫికెట్ ఇచ్చింది మనమే కదా."

గేటు రెండు అని తేల్చి మేడమ్‌కి చెప్పారు. తాళానికీ చెప్పారు.

మేడమ్ కాఫీ తాగి లేచి వెళ్ళేదాకా తాళం కాఫీ హౌస్ వంటగది తలుపు వెనకే ఉన్నాడు. కప్పులు తీసే పనివాడి ఏప్రాను, తలకి గుడ్డటోపీ, పెట్టుడు మీసం. మీసం ముక్కులో గుచ్చుకుంటోంది. ఆవిడ బయటికి వెళ్ళగానే ట్రే పట్టుకుని వచ్చాడు. నల్లబల్ల మీద ఖాళీ కప్పు, నీళ్ళగ్లాసు, పూలకుండీ, కాగితం రుమాళ్ళ డబ్బా. రుమాళ్ళ డబ్బా పక్కన ఒక పంచదార బిళ్ళ. ఎనిమిదేళ్ళయినా పద్ధతి మారలేదు.

పక్కబల్ల దగ్గర పూలు డెలివరీ చేసే కంపెనీ చొక్కాలో ఒక మనిషి. చెయ్యి అప్పుడే లేవబోతోంది. తాళం నీళ్ళగ్లాసు మోచేత్తో తగిలించాడు. నీళ్ళు బల్లంతా పారాయి.

"తప్పయిపోయింది సార్, ఒక్క నిమిషం" అంటూ బల్ల మీదున్న సరంజామా అంతా ట్రేలోకి ఎత్తుకుని కౌంటరు వెనక్కి వెళ్ళాడు.

బిళ్ళ కాగితం విప్పాడు. లోపలివైపు పెన్సిలుతో రెండు చుక్కలు. గేటు రెండు.

జేబులోంచి డిపార్ట్‌మెంటు ఇచ్చిన పెన్ను తీశాడు. ఖరీదైన గాడ్జెట్. అందులో కెమెరా ఉంది, టేప్‌రికార్డరు ఉంది, నొక్కితే కన్నీళ్ళు తెప్పించే గ్యాసు ఉంది. రాయడం ఒక్కటే రాదు. పక్కన క్యాషియరు చెవి మీద అరిగిపోయిన పెన్సిలు ముక్క కనబడింది. అడక్కుండా లాక్కుని మూడో చుక్క పెట్టాడు. కొసలు మెలితిప్పాడు. "పెన్సిలు మళ్ళీ చెవిలో పెట్టి వెళ్ళు" అన్నాడు క్యాషియరు, చిల్లర సర్దుతూ.

బల్ల తుడిచి కుండీ, డబ్బా, బిళ్ళ ఎక్కడివక్కడ పెట్టాడు. పూలవాడు అతని ముఖం కేసి చూడలేదు, మీసం కేసి చూశాడు. ఒక కొస ఊడుతోంది. తాళం ముక్కు తుడుచుకున్నట్టు చేసి అదిమి పెట్టాడు. రెండు క్షణాలు. పూలవాడు చెయ్యి చాపి బిళ్ళ తీసుకుని, విప్పి చూసి, పంచదార కాఫీలో వేసుకుని, కాగితం నోట్లో వేసుకున్నాడు.

* * *

కమిషన్ భవనం మూడో గేటు ముందు పూలవ్యాన్ ఆగింది. వెనక తలుపులు సగం తెరిచి ఉన్నాయి. గులాబీ బుట్టల మధ్య పూలవాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తాళం రోడ్డుకి ఇవతల పేపరు పట్టుకుని నిలబడ్డాడు. ఏప్రాను విప్పే తీరిక దొరకలేదు. వ్యాన్‌లో రైఫిలు బయటికి వచ్చేదాకా ఆగమన్నాడు పెద్దాయన. ఉత్త గులాబీలతో పట్టుకుంటే ఏ కోర్టూ ఒప్పుకోదు.

సైరన్ వినబడింది. మూడో గేటు వైపు కాదు. గోడ మలుపు అవతల, రెండో గేటు దగ్గర. పూలవాడు తల తిప్పాడు. మలుపులో గోడ తక్కువ ఎత్తు, అక్కణ్ణుంచి రెండో గేటు స్పీడ్‌బ్రేకరు స్పష్టంగా కనబడుతుంది. ఆ సంగతి మ్యాపు చూసి ప్లాను వేసిన ఎవరికీ తట్టలేదు.

కారు స్పీడ్‌బ్రేకరు దగ్గర నెమ్మదించింది. వెనక అద్దంలో సైంటిస్టు బట్టతల, పక్కన మేడమ్ నల్లకోటు. గులాబీల మధ్య నుంచి రైఫిలు గొట్టం బయటికొచ్చి అటు తిరిగింది.

తాళం పేపరు వదిలేసి పరిగెత్తాడు. అరవడానికి ఊపిరి దండగ. వ్యాన్ తలుపు పట్టుకుని ఒంట్లో ఉన్న బరువంతా వేసి మూశాడు. గొట్టం తలుపుకీ చట్రానికీ మధ్య ఇరుక్కుని కిందికి వంగింది. గుండు పేలింది. రోడ్డులో దిగబడింది. గేటు దగ్గర సెంట్రీ ఇటు చూసి, ఎవరిదో టైరు పేలిందని పక్కవాడికి చెప్పాడు. కారు లోపలికి వెళ్ళిపోయింది. మీసం మాత్రం ఎక్కడో రాలిపోయింది.

* * *

సైంటిస్టు నోరు విప్పాడు. పేపర్లలో పెద్ద పెద్ద అక్షరాలు. ఆయుధాల స్మగ్లరు ఒకడు ట్రాఫిక్ తనిఖీలో దొరికాడని లోపలి పేజీలో పూలవాడి గురించి చిన్న వార్త.

ఆ వారమే డిపార్ట్‌మెంటులో సభ జరిగింది. సైంటిస్టును క్షేమంగా తీసుకొచ్చినందుకు మేడమ్‌కి పతకం. పెద్దాయనే స్వయంగా మెడలో వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో తాళం కూడా కొట్టాడు. కొట్టకపోతే ఆవిడకి అనుమానం వస్తుందని ముందే ఆర్డరు ఉంది.

సభ అయ్యాక ఆ కిటికీల్లేని గదిలో తాళం ఒక్కటే అడిగాడు. బావ మాట ఏం చేశారు అని.

పెద్దాయన ఓపికగా చెప్పాడు. ఆవిడ మన చేతిలో ఉన్నట్టు ఆవిడకే తెలియదు. పూలవాడు మూడో గేటుకి పోవడం వాడి మతిమరుపు అనుకుంటోంది. ఇకనుంచి మనం ఏం చెప్తే అది కార్ఖానా నమ్ముతుంది. ఇంతకంటే మంచి గొట్టం ఏ దేశానికీ దొరకదు. ఇప్పుడు ఆ ఫొటోగ్రాఫర్ నిజం చెప్పాడని ఒక్క ముక్క బయటికొచ్చిందా, ఆవిడ దొంగని మనకి తెలిసినట్టు ఊరంతా దండోరా వేసినట్టే.

"ఎప్పటిదాకా సర్?"

"ఆవిడ పనికొచ్చినంతకాలం. దేవుడి దయవల్ల ఆరోగ్యవంతురాలు" అంటూ డ్రాయరులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. "మీ అక్క స్కాను చూసింది కదా. ఆవిడ సంతకం కావాలి. నువ్వే వెళ్ళు, ఇంటి మనిషివి."

తాళం వెళ్ళాడు. బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. కాగితం బల్ల మీద పెట్టి, తల వంచుకుని చెప్పాల్సింది చెప్పాడు. ఆమె భర్త నిజాయితీపరుడు అన్న సంగతి ఈరోజు నుంచి ప్రభుత్వ రహస్యం. అత్యంత గోప్యం. ఎవరితో అన్నా జైలు.

అక్క కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ఏ మూల సంతకం చెయ్యాలో అడిగి, చేసింది. కాగితం తమ్ముడి వైపు తోసింది.

"అబద్ధాలకోరు అని చెప్పుకున్నన్నాళ్ళూ ఊరంతా చెప్పుకున్నారు. ఒక్కడి దగ్గరా సంతకం తీసుకోలేదురా మీవాళ్ళు."